ప్రభుత్వ ఉత్సాహం, ఇంజనీర్ల సంశయం: కృత్రిమ మేధ చరిత్రలో రెండు ఘట్టాలు

కృత్రిమ మేధ పట్ల ప్రభుత్వాల ఉత్సాహాన్ని ప్రశ్నించే పాతతరం సాంకేతిక నిపుణులను ఛాందసులని కొట్టిపారేయడం పరిపాటి. చరిత్ర తిరగేస్తే ఈ ముద్ర నిలవదు. వారి అభ్యంతరం యంత్రం మీద కాదు. అది ఎక్కడ తప్పుతుందో ముందే పట్టుకునే పద్ధతి లేకుండా పనిలోకి దించడం మీద. అమెరికాకు చెందిన రెండు ఘట్టాల ఆధారంగా ఈ వ్యాసం ఆ మాటే చెబుతుంది.

1954 జనవరి 7న న్యూయార్క్‌లో ఐబీఎం, జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం కలిసి ఒక ప్రదర్శన ఇచ్చాయి. రష్యన్ ఒక్క ముక్క రాని ఉద్యోగిని ఆ భాషా వాక్యాలను కార్డుల మీద పంచ్ చేస్తే, 701 కంప్యూటర్ వాటిని ఇంగ్లీషులో అచ్చువేసింది. యంత్రానికి తెలిసినవి 250 పదాలు, ఆరు వ్యాకరణ సూత్రాలు. వాక్యాలేమో ముందే ఏరి పెట్టినవి. మూడు నుంచి ఐదేళ్లలో ముఖ్య రంగాల్లో యంత్రానువాదం సాకారం కావచ్చని ప్రాజెక్టు సారథి లియోన్ డోస్టర్ట్ అన్నారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలం కావడంతో సోవియట్ శాస్త్ర పత్రాలు చదవాలన్న ఆత్రంలో ప్రభుత్వం నిధులు గుమ్మరించింది.

పదేళ్లు గడిచాక, డబ్బిచ్చిన సంస్థలే లెక్క తేల్చమని కమిటీ వేయించాయి. అధ్యక్షుడు బెల్ ల్యాబ్స్ ఇంజనీరు జాన్ పియర్స్. ట్రాన్సిస్టర్‌కు ఆ పేరు పెట్టింది ఆయనే. ఆల్పాక్ పేరుతో ప్రసిద్ధమైన 1966 నివేదికలో కమిటీ ముందుగా అడిగింది యంత్రం గురించి కాదు, అసలు అనువాదకుల కొరత ఉందా అని. లేదని తేలింది. పైగా యంత్రానువాదం నెమ్మది, తప్పులెక్కువ, ఖర్చు రెట్టింపు. ఈ నివేదికతో ఆ రంగానికి నిధులు చాలాకాలం ఎండిపోయాయి. ఆ నష్టాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే కంప్యూటర్‌తో భాషను అధ్యయనం చేసే మౌలిక పరిశోధనకు డబ్బివ్వమని సిఫార్సు చేసిందీ ఇదే నివేదిక. పియర్స్‌ను పరిశోధన ద్రోహిగా చిత్రించేవారు ఆ పేజీలు చదివినట్టు లేదు.

రెండో ఘట్టం మరింత సూటిగా ఉంటుంది. శత్రు క్షిపణులను దారిలోనే కూల్చే రక్షణ కవచం నిర్మిస్తామని 1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. దాని కంప్యూటర్ వ్యవస్థపై సలహా మండలిలో రోజుకు వెయ్యి డాలర్ల రుసుముతో డేవిడ్ పర్నాస్‌ను నియమించారు. సాఫ్ట్‌వేరు నిర్మాణ పద్ధతులకు పునాది వేసినవారిలో ఆయనొకరు; అమెరికా నౌకాదళానికి యుద్ధవిమానాల సాఫ్ట్‌వేరుపై ఏళ్ల తరబడి పనిచేశారు. రక్షణ పరిశోధనకు వ్యతిరేకి కాదు. అలాంటి మనిషి 1985 జూన్‌లో రాజీనామా చేసి, కారణాలను ఎనిమిది చిన్న వ్యాసాల్లో వివరించారు.

ఆయన వాదన ఇది: శత్రువు ఏం ప్రయోగిస్తాడో, ఎలా మభ్యపెడతాడో ముందు తెలియదు కనుక సాఫ్ట్‌వేరు ఏం చేయాలో కచ్చితంగా రాసివ్వలేం. నిజమైన యుద్ధం వస్తే తప్ప పరీక్షించలేం. యుద్ధం మొదలయ్యాక దిద్దుకునే వ్యవధి ఉండదు. ఈ చిక్కులను కృత్రిమ మేధ తీరుస్తుందన్న ఆశకు ఒక వ్యాసం ప్రత్యేకంగా కేటాయించారు. మనిషి తెలివి అవసరమైన పనిని కంప్యూటర్ చేయడం ఒక అర్థం, అనుభవజ్ఞుల పద్ధతులను సూత్రాలుగా మార్చి ప్రోగ్రాం రాయడం మరో అర్థమని విడదీశారు. రెండో రకంలో, సూత్రాలకు లొంగని సందర్భం ఎదురైనప్పుడల్లా కొత్త సూత్రం అతికిస్తూ పోతారు. చివరికి ఆ ప్రోగ్రాం ఎప్పుడేం చేస్తుందో రాసినవాడికే అంతుపట్టదు. నేటి నమూనాలు సూత్రాలతో కాక డేటాతో నేర్చుకుంటాయి. పద్ధతి మారింది గానీ, ఎప్పుడేం చేస్తుందో ఊహించలేకపోవడమనే ఇబ్బంది తీరలేదు.

ఈ ప్రశ్న మన గడప దాకా వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం అనేక శాఖల డేటాను కలిపి, పేర్లు, చిరునామాలు పోల్చి అనర్హులను పట్టే ‘సమగ్ర వేదిక’ను రూపొందించి, ఆధునిక పాలనకు నమూనాగా చూపింది. ఆ సరిపోల్చడంలో సైకిల్ రిక్షా తొక్కుకుని బతికిన ఒక మనిషి కారు యజమానిగా తేలి, ఆ కుటుంబానికి రేషన్ అందకుండా పోయింది. రద్దయిన రేషన్ కార్డులన్నీ అన్యాయంగా పోయాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏవి అన్యాయంగా పోయాయో కనుక్కునే ఏర్పాటు వ్యవస్థలోనే ఉండాల్సింది. అది లేకనే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయి విచారణ జరపాలని 2022లో న్యాయస్థానం ఆదేశించింది. ఆ విచారణ కార్డులు తీసేయకముందే జరగాల్సింది.