కామెట్ విమానముల పతనము



ఆకాశయానమున మానవుడు సాధించిన విజయములను గూర్చి మీరు పెక్కు ప్రసంగములు వినియుందురు. నేడు నేనొక పరాజయమును గూర్చి విన్నవింపదలచితిని. నేను యంత్రశాస్త్రమెరిగినవాడను కాను. చిరకాలము బడిపంతులుగా నుండి, గురుముఖమున కొంత తర్కము చదువుకొన్నవాడను. ఈ చరిత్రలో నన్నాకర్షించినదియు ఆ తర్కవిషయమే.

ఇంగ్లండున డి హావిలాండ్ సంస్థవారు నిర్మించిన కామెట్ అను విమానము 1949 జూలై 27వ తేదీన మొదటిసారి గగనమున కెగసెను. ప్రయాణికులను గొనిపోవు జెట్ విమానములలో నిదియే ప్రథమము. 1952 మే 2వ తేదీన లండను నుండి జోహాన్నెస్‌బర్గునకు రాకపోకలు ప్రారంభమయ్యెను. మేఘమండలమును దాటి, 35,000 అడుగులకు పైబడిన ఎత్తున, కుదుపులేక పోవు ఆ వాహనమును జూచి లోకము ముచ్చటపడెను.

సరిగా సంవత్సరము తిరిగినదినముననే, 1953 మే 2న, కలకత్తా డండం విమానాశ్రయము నుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ ఒకటి కొలది నిమిషములలో గాలివానలో చిక్కి, ముక్కలై నేలగూలెను. 43 మంది మరణించిరి. వంగదేశమున వేసవి సాయంకాలములందు కాలవైశాఖి యను ఉరుములగాలి వీచును. అట్టి గాలివానలో పోవుచుండగా విమానము విరిగెనని విచారణలో తేలెను. కారణము కంటి యెదుటనే యుండినట్లు తోచెను.

1954 జనవరి 10న గాలివాన లేదు. రోమునగరమున బయలుదేరి లండనునకు పోవుచున్న కామెట్, చోదకుడు మరియొక విమానముతో రేడియోలో మాటలాడుచుండగా, మాట నడుమ తెగిపోయి, ఎల్బా ద్వీపము చెంత సముద్రమున పడెను. అందున్న 35 మందిలో ఒక్కరును మిగులలేదు. మృతులలో చిన్నపిల్లలు గలరు, యుద్ధరంగమునుండి బి.బి.సి. ద్వారా లోకమునకు వార్తలు వినిపించిన చెస్టర్ విల్మట్ అను చరిత్రకారుడును గలడు.

వెంటనే కామెట్ల నన్నింటిని ఆపివేసిరి. ఈ తావున అగ్ని పుట్టవచ్చును, ఆ తావున యంత్రము పగులవచ్చునని యూహించి, సుమారు 50 మార్పులు చేసిరి. కాని యా విమానమేల పడెనో మాత్రము నిర్ణయింపలేకపోయిరి. మార్చి 23న మరల ప్రయాణములు సాగించిరి. పదునారు దినములు గడచెను. ఏప్రిల్ 8న రోము నుండి కైరోకు పోవు కామెట్ నేపుల్సు సమీపమున సముద్రమున గూలెను. 21 మంది గతించిరి.

అయ్యలారా! ఆ పదునారు దినములే నా ప్రసంగమునకు ముఖ్యవిషయము. ఆ పెద్దలు దుర్మార్గులు కారు, సోమరులును కారు. వారి లోపమంతయు అనుమానపద్ధతిలో నుండెను. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని, అనగా కనబడకుండుటను, ఒక ప్రమాణముగా నంగీకరించిరి. గదిలో కుండ కనబడలేదు కావున కుండ లేదు. అయితే దానికొక నియమము విధించిరి: ఉన్నచో కనబడదగిన స్థితి యుండవలెను. దీపము వెలుగుచున్న గదిలో ఆ మాట చెల్లును. చీకటియింట తేలు కనబడలేదని నిర్భయముగా కాలుమోపువానికి చెల్లదు. కామెట్ విషయమున దీపమింకను వెలుగలేదు. శకలములు చాలవరకు సముద్రగర్భముననే యుండెను.

పిమ్మట వెలిగించిన దీపమును గూర్చి చెప్పెదను. ఫార్న్‌బరో పరిశోధనాలయాధ్యక్షుడు ఆర్నాల్డ్ హాల్ ఆధ్వర్యమున, ఎల్బా చెంత నౌకాదళమువారు వెలికిదీసిన ముక్కలను ఒక్కటొక్కటిగా కూర్చిరి. మరియొక కామెట్ దేహమును గొప్ప నీటితొట్టిలో నుంచి పరీక్షించిరి. మీదనున్న గాలి మిక్కిలి పలుచన గావున, విమానములోపల గాలిని బిగించి యుంచవలెను. ఎగసినపుడెల్ల ఆ దేహము కొలిమితిత్తివలె ఉబ్బును, దిగినపుడెల్ల అణగును. ఆ ఒత్తిడినే నీటితో రేయింబవళ్లు కల్పించిరి. నిజప్రయాణములును తొట్టిలోని ఆవృత్తులును గలిసి 3,000 దాటిన కొలదికాలమునకే, 1954 జూన్ నెలలో, కిటికీ మూలనుండి దేహము చీలిపోయెను. ఎల్బా విమానపు పైకప్పునను, రేడియో సాధనమునకై కోసిన రంధ్రపు మూల అట్టి పగులే కనబడెను. ఇనుపతీగను పలుమారులిటునటు వంచినచో తెగుట బడిపిల్లవాడెరుగును. దీనినే లోహపు అలసట యందురు.

నిర్మాతలు ముందుగా పరీక్షింపలేదా? పరీక్షించిరి. వారి నమూనా 16,000 మారులకు పైగా ఒత్తిడికి తాళెను. కాని ఆ నమూనానే మొదట అధికమైన ఒత్తిడికి గురిచేసి యుండిరి. ఆ బిగువువలన మూలలందలి లోహము గట్టిపడి, సామాన్యవిమానమునకు లేని ఆయువును పొందెను. ముందుగా విశేషశిక్షణ పొందిన ఒక్క బాలుని ఉత్తరములను జూచి తరగతియంతయు ఉత్తీర్ణమనినట్లయ్యెను.

లార్డ్ కోహెన్ జరిపిన బహిరంగవిచారణ ఫలితము 1955 ఫిబ్రవరిలో వెలువడెను. లోహపు అలసటయే మూలమని తేలెను. 1958లో దృఢతరమైన కామెట్ అట్లాంటిక్ మహాసముద్రమును దాటినను, అదే నెలలో అమెరికావారి బోయింగ్ 707 వచ్చి అగ్రస్థానమును గైకొనెను. వ్యాపారమున కామెట్ ఓడినది. నేర్పిన పాఠము మాత్రము తరువాతి విమానములన్నింటికి ఉపకరించెను.

ఈ ప్రమాదముల చర్చలలో పాల్గొన్న డేవిడ్ వారెన్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞునికి ఒక యోచన పుట్టెను: చోదకుల మాటలను, యంత్రముల గతిని విమానమే భద్రపరచుకొనవలెనని. నేడు పెద్ద ప్రయాణికవిమానములన్నింటను ఉండు ఆ పెట్టె, చీకటిగదికి దీపమువంటిది. “చిన్నపామునైనను పెద్దకర్రతో కొట్టవలె” నని మనవారి సామెత. పాము కనబడనపుడు, లేదని చెప్పుటకు ముందు దీపము తెచ్చుట వివేకము. ఆ దీపము వచ్చులోపల 21 ప్రాణములు పోయినవని మరువకుందుము గాక.