ఒకే జట్టు, ఇరవై ఒక్క సీజన్లు: డర్క్ నొవిట్స్కీ

డాలస్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌కి మ్యాచ్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బయట ఉన్న తెల్లటి విగ్రహం గమనించే ఉంటారు. ఒంటికాలి మీద నిలబడి, వెనక్కి వాలి బంతి విసురుతున్న పొడుగాటి మనిషి. పక్కన రోడ్డుకి కూడా ఆయన పేరే. లూకా డాన్చిచ్ పేరు చెప్పగానే గంతులేసే మన పిల్లలకి ఈయన సంగతి అంతగా తెలియదు. మా అబ్బాయి అడిగితే నేనూ ముందు తడుముకున్నాను. తర్వాత చదువుతూ పోతే ఆట కంటే ముందు నన్ను పట్టేసింది ఫిజిక్స్.

డర్క్ 1978 జూన్ 19న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లి బాస్కెట్‌బాల్, తండ్రి హ్యాండ్‌బాల్ ఆడేవారు. డర్క్ కూడా మొదట టెన్నిస్, హ్యాండ్‌బాల్ ఆడి తర్వాత ఇటు వచ్చాడు. పదహారేళ్ళ వయసులో హోల్గర్ గెష్విండ్నర్ కంట్లో పడ్డాడు. ఈయన 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టు కెప్టెన్, చదివింది లెక్కలు, ఫిజిక్స్. శిష్యుడి ఎత్తుకి, చేతి పొడవుకి తగ్గట్టు బంతి ఏ కోణంలో వదలాలో కాగితం మీద లెక్క వేశాడు. బరువులు ఎత్తించడం కంటే పడవ నడపడం, కత్తిసాము, శాక్సోఫోన్, పుస్తకాలు ముఖ్యం అన్నాడు. మన ఇళ్ళలో అయితే "కోచింగ్‌కి పంపితే సన్నాయి నేర్పిస్తాడేంటి" అని ఫీజు వెనక్కి అడిగేవాళ్ళం.

ఆ లెక్క ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్ళకి తేలిగ్గానే అర్థమవుతుంది. రింగు వ్యాసం 18 అంగుళాలు, బంతి వ్యాసం దాదాపు తొమ్మిదిన్నర. బంతి నిట్టనిలువుగా పైనుంచి పడితే దానికి 18 అంగుళాల దారీ దొరుకుతుంది. ఏటవాలుగా వచ్చేకొద్దీ ఆ దారి మూసుకుంటూ పోతుంది. 45 డిగ్రీల కోణంలో దిగితే 12.7 అంగుళాలు మిగులుతుంది. 30 డిగ్రీలకి వస్తే 9 అంగుళాలే, అంటే రింగుకి తగలకుండా బంతి దూరనే దూరదు. అలాగని మరీ ఎత్తుగా వేస్తే ఎక్కువ బలం పెట్టాలి, దూరం అంచనా తప్పుతుంది. చేయి కాస్త అటూ ఇటూ అయినా బంతి లోపలే పడే కోణం ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంటుంది. గెష్విండ్నర్ వెతికింది దాన్నే. డర్క్ కెరీర్ మొత్తంలో ఫ్రీ త్రోలు నూటికి దాదాపు 88 పడ్డాయి. ఏడడుగుల మనుషుల్లో ఇది చాలా అరుదు.

1998లో శాన్ ఆంటోనియోలో జరిగిన హూప్ సమిట్ మ్యాచ్‌లో అమెరికా కుర్రాళ్ళ మీద 33 పాయింట్లు కొట్టాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మిల్వాకీ తొమ్మిదో స్థానంలో తీసుకుని వెంటనే డాలస్ మావెరిక్స్‌కి ఇచ్చేసింది. మొదటి ఏడాది సగటు 8.2 పాయింట్లే. ఇంటి మీద బెంగ, వెనక్కి వెళ్ళిపోదామా అన్న ఆలోచన. మొదటి ఏడాది అమెరికాలో గడిపిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అదే ఏడు జట్టులోకి వచ్చిన కెనడా కుర్రాడు స్టీవ్ నాష్ తోడయ్యాడు.

తర్వాత ఎదుగుదల వేగంగానే సాగింది. దెబ్బలు తగిలింది ఆ పైన. 2006 ఫైనల్స్‌లో మయామీ మీద 2-0 ఆధిక్యం. మూడో మ్యాచ్‌లోనూ చివరి క్వార్టర్‌లో 13 పాయింట్లు ముందున్నారు. అది కరిగిపోయింది. ఆఖరి క్షణాల్లో డర్క్‌కి రెండు ఫ్రీ త్రోలు దక్కాయి. రెండూ పడితే స్కోరు సమం. మొదటిది పడింది, రెండోది తప్పింది. ఆ తర్వాత మయామీ వరుసగా గెలిచి 4-2తో కప్పు ఎగరేసుకుపోయింది. చేతికందింది నోటికందలేదు.

మరుసటి ఏడు ఇంకా ఘోరం. 67 మ్యాచ్‌లు గెలిచి అగ్రస్థానంలో ఉన్న డాలస్, మొదటి రౌండ్‌లోనే ఎనిమిదో స్థానంలోని గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడింది. ఆ జట్టు కోచ్ ఎవరో కాదు, డర్క్‌ని డాలస్‌కి తెచ్చిన డాన్ నెల్సనే. ఇంటిదారి పట్టాక కొన్ని రోజులకి డర్క్‌కి లీగ్ ఎంవీపీ అవార్డు ప్రకటించారు. యూరప్ ఆటగాడికి అది దక్కడం అదే మొదటిసారి. కానీ ఏ మొహంతో తీసుకోవాలి? అవార్డు అందుకుని, గురువుతో కలిసి ఆస్ట్రేలియా వెళ్ళి వారాల తరబడి తిరిగాడు. "మెత్తనోడు, పెద్ద మ్యాచ్‌లకి పనికిరాడు" అన్న ముద్ర మాత్రం నాలుగేళ్ళు వదల్లేదు.

2011 ప్లేఆఫ్స్‌లో ఆ మాట పడిపోయింది. అంతకుముందు ఏడాది ఛాంపియన్ లేకర్స్‌ని 4-0తో ఊడ్చేశారు. ఓక్లహోమా సిటీతో మొదటి మ్యాచ్‌లో డర్క్ 48 పాయింట్లు కొట్టాడు, 24 ఫ్రీ త్రోలు వేస్తే 24 పడ్డాయి. 2006లో ఒక్కటి తప్పినందుకు మాటలు పడ్డ మనిషి!

ఫైనల్స్‌లో మళ్ళీ మయామీయే. ఈసారి లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ముగ్గురూ ఒక్కచోట. 2006 జట్టులో మిగిలింది డర్క్, జేసన్ టెర్రీ ఇద్దరే. మొదటి మ్యాచ్‌లోనే డర్క్ ఎడమచేతి మధ్యవేలి టెండన్ తెగింది. రెండో మ్యాచ్‌లో 15 పాయింట్లు వెనకబడి కోలుకున్నారు, గెలిపించిన బుట్ట అతను వేసింది ఆ ఎడమచేత్తోనే. నాలుగో మ్యాచ్ ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆడాడు. ఆరో మ్యాచ్ మొదటి సగంలో 12 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. టెర్రీ ఆదుకున్నాడు, రెండో సగంలో డర్క్ 18 పాయింట్లు కొట్టాడు. జూన్ 12న డాలస్‌కి మొట్టమొదటి కప్పు. గంట మోగీ మోగకముందే డర్క్ లాకర్ రూమ్‌లోకి పరిగెత్తి ఏడ్చేశాడు, సంబరానికి పిలుచుకురావాల్సి వచ్చింది.

ఆ తర్వాత కప్పు రాలేదు, జట్టు బలహీనపడింది. అయినా 2014లో, ఇంకా చాలా ఎక్కువ ఇస్తామన్న జట్లు ఉన్నాయని వార్తలు వచ్చినా, మూడేళ్ళకి 25 మిలియన్ డాలర్లతో ఇక్కడే ఉండిపోయాడు. 2017లో 30,000 పాయింట్లు దాటాడు, చివరికి 31,560. ఒకే జట్టుకి 21 సీజన్లు ఆడినవాళ్ళు అతనికి ముందు లేరు. చీలమండ అప్పటికే సహకరించడం మానేసింది, చివరి సీజన్‌లో అతని పరుగు వీడియోల్లో చూస్తే కాళ్ళ నొప్పి మనకే తెలుస్తుంది.

2019 ఏప్రిల్ 9న డాలస్‌లో ఆఖరి మ్యాచ్‌కి 30 పాయింట్లు కొట్టి రిటైర్‌మెంట్ ప్రకటించాడు. మర్నాడు ఇంకొక్క మ్యాచ్ మిగిలింది, శాన్ ఆంటోనియోలో. ఏళ్ళ తరబడి డాలస్‌తో కయ్యానికి కాలుదువ్విన ఆ ఊరి జనం మ్యాచ్ మధ్యలో అతని వీడియో వేసి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డర్క్ బెంచీ దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. 1998లో ఆ 33 పాయింట్లు కొట్టింది కూడా ఆ ఊళ్ళోనే.