ముల్లంగి చెప్పిన విశ్రాంతి పాఠం

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వెలువడితే చాలు, మన ఊళ్లలో హైస్కూలు మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. పరుగు పరీక్ష దగ్గరపడే కొద్దీ కుర్రాళ్లు పొద్దునా సాయంత్రమూ పరుగెత్తుతారు. ఒక్కరోజు మానితే వెనకబడతామని వాళ్ల భయం. అయితే శరీరం బలపడేది పరుగెత్తుతున్నప్పుడా, ఆగిన తరువాతా? ఈ ప్రశ్న చరిత్రలో కలకత్తాకు చెందిన ఒక శాస్త్రవేత్తకూ, ఆయన పరీక్షించిన ముల్లంగి దుంపకూ చోటుంది.

అలసిపోయిన పరికరం

జగదీశ్ చంద్ర బోస్ 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. విద్యుత్ తరంగాలపై ఆయన చేసిన పరిశోధనలు ప్రసిద్ధమే. ఆ పనిలో ఉండగా ఆయనకొక వింత కనిపించింది. తరంగాలను పసిగట్టే గ్రాహకాన్ని ఆపకుండా వాడుతూ పోతే దాని సున్నితత్వం తగ్గిపోతోంది. కొంతసేపు పక్కన పెడితే మళ్లీ మామూలవుతోంది. అలసిన కండరం కూడా ఇలాగే కదా ప్రవర్తించేది!

కండరాల అలసటను కొలవడం అప్పటికే మొదలైంది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఆంజెలో మొస్సో ఎర్గోగ్రాఫ్ అనే పరికరం తయారు చేశారు. చేతి మధ్యవేలితో బరువును పదేపదే లాగుతుంటే వేలి శక్తి ఎలా తగ్గుతుందో అది కాగితం మీద గీతలుగా చూపేది. ఆయన సహచరుడు మజోరా ఒక ముఖ్యమైన సంగతి కనిపెట్టారు. 30 సార్లు లాగి పూర్తిగా అలసిన వేలు కోలుకోవడానికి 2 గంటలు పడుతుంది. 15 సార్లతో ఆపేస్తే, లెక్క ప్రకారం గంట పట్టాలి. కానీ అరగంట చాలు. అంటే అలసిన మీదట చేసే పనికి శరీరం చెల్లించే మూల్యం చాలా ఎక్కువ.

నిమిషమా, అరనిమిషమా?

బోస్ ఇదే ప్రశ్నను లోహాలకూ మొక్కలకూ వేశారు. 1901 మే 10న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన ఫలితాలను ప్రదర్శించారు. మరుసటి ఏడాది, 1902లో, వాటిని గ్రంథంగా వెలువరించారు. జీవులూ నిర్జీవ పదార్థాలూ ప్రేరణకు ఎలా ప్రతిస్పందిస్తాయన్నది ఆ గ్రంథ విషయం. ముల్లంగి ప్రయోగం అందులోనిదే.

ముల్లంగికి నిమిషానికొకసారి కంపనంతో ప్రేరణ కలిగిస్తే, దానిలో పుట్టే విద్యుత్ ప్రతిస్పందన ప్రతిసారీ ఇంచుమించు ఒకే ఎత్తున నమోదైంది. ప్రేరణ తీవ్రత మార్చకుండా, వ్యవధిని మాత్రం అరనిమిషానికి తగ్గించారు. ప్రతిస్పందన చిన్నదైపోయింది. మళ్లీ నిమిషం వ్యవధి ఇచ్చారు. ప్రతిస్పందన తిరిగి పెరిగింది. పనిలో తేడా లేదు, విరామంలోనే తేడా. తరువాతి సంవత్సరాల్లో అత్తిపత్తి మొక్క మీదా ఇదే ధర్మాన్ని చూపారు. ముడుచుకున్న ఆకు పూర్తిగా విచ్చుకోకముందే మళ్లీ తాకితే, రెండోసారి దాని కదలిక తగ్గుతుంది.

లోహాన్నీ కండరాన్నీ ఒకే గాట కట్టడాన్ని లండన్ శరీరధర్మ శాస్త్రవేత్తలు కొందరు తీవ్రంగా వ్యతిరేకించారు. అలసటకు అణువుల్లో మిగిలిపోయే ఒత్తిడే కారణమన్న బోస్ వివరణ కూడా కండరాల విషయంలో నిలవలేదు. అయినా ఆయన గీసిన రేఖాచిత్రాలు చెప్పిన సంగతి నిలిచింది: విరామాన్ని లెక్కలోకి తీసుకోకుండా శ్రమ ఫలితాన్ని అంచనా వేయలేము.

విశ్రాంతిలో జరిగే పని

మరి ఆ విరామంలో ఏం జరుగుతుంది? కండరం సంకోచించి సడలిన తరువాత కూడా నిమిషాల తరబడి వేడి విడుదలవుతూనే ఉంటుందని ఇంగ్లండులో ఎ.వి. హిల్ కొలిచి చూపారు. కండరంలో పుట్టే వేడిపై చేసిన పరిశోధనలకు ఆయన 1922 నోబెల్ బహుమతిలో భాగం పొందారు. బయటికి ఊరకే ఉన్నట్లు కనిపించే కండరం లోపల మరమ్మతు పని సాగిస్తోందన్నమాట.

1966లో స్వీడన్ శాస్త్రవేత్తలు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్‌లు తమ శరీరాలనే ప్రయోగశాలలుగా మార్చుకున్నారు. ఒకే సైకిలుకు చెరో పక్క కూర్చుని, ఒక్కో కాలితో మాత్రమే అలసిపోయేదాకా తొక్కారు. తరువాత తొడ కండరం నుంచి సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. తొక్కిన కాలిలో గ్లైకోజన్ అనే ఇంధన నిల్వ దాదాపు ఖాళీ అయింది. పిండిపదార్థాలు దండిగా తింటూ విశ్రాంతి తీసుకుంటే మూడు రోజుల్లో ఆ నిల్వ తొక్కని కాలిలో ఉన్నదానికి సుమారు రెట్టింపైంది. శ్రమ నిల్వను ఖాళీ చేస్తే, తిండీ విశ్రాంతీ కలిసి దాన్ని మునుపటికంటే ఎక్కువగా నింపాయి.

కోలుకునే వేగం దీర్ఘకాలిక ఆరోగ్యానికీ కొలబద్ద. అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 2,428 మందిని వ్యాయామ పరీక్ష తరువాత ఆరేళ్లపాటు గమనించి, 1999లో ఫలితాలు ప్రకటించారు. వ్యాయామం ఆపిన మొదటి నిమిషంలో గుండె వేగం 12 లేక అంతకంటే తక్కువ స్పందనలు మాత్రమే తగ్గినవారిలో, వయసు వంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నా, మరణించే ప్రమాదం సుమారు రెట్టింపుగా కనిపించింది. క్రమం తప్పని వ్యాయామంతో ఈ కోలుకునే శక్తిని మెరుగుపరచుకోవచ్చు.

విశ్రాంతి అంటే మంచం పట్టడం కాదు. గట్టిగా పరుగెత్తిన మరునాడు నడకతోనో, నెమ్మది పరుగుతోనో సరిపెట్టుకోవాలి. రాత్రి నిండుగా నిద్రపోవాలి, కడుపునిండా తినాలి. పరీక్షకు ముందు వారం పరుగు తగ్గించాలి. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి వైద్యుణ్ణి కలవాలి. విపరీతమైన శ్రమ తరువాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, దెబ్బతిన్న కండరాలు మూత్రపిండాలకు చేటు తెస్తున్నాయని అనుమానించి ఆసుపత్రికి వెళ్లాలి.

1917 నవంబర్ 30న కలకత్తాలో బోస్ స్థాపించిన పరిశోధన సంస్థ నేటికీ పనిచేస్తోంది. ఆయన పరికరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. కోల్‌కతా వెళ్లినవారు వాటిని తప్పక చూడాలి. పొద్దున్నే మైదానానికి వెళ్లే కుర్రాళ్లు మాత్రం అంత దూరం పోనక్కరలేదు. నిమిషం విరామానికీ అరనిమిషం విరామానికీ ముల్లంగి చూపిన తేడా గుర్తుంచుకుంటే చాలు.