పిడికెడు బియ్యము

మలయాళ దేశపు కతోలిక గురువు కురియాకోస్ ఏలియాస్ చావరా (1805–1871) పేరు వినగానే చరిత్రకారులు మన్నానమును తలచుకొందురు. 1846లో ఆయన అక్కడ సంస్కృత పాఠశాలను, ముద్రణాలయమును నెలకొల్పినాడు. నాకు మాత్రము 1868లో ఆయన తన స్వగ్రామమైన కైనకరి కుటుంబములకు వ్రాసిన లేఖయే ముఖ్యముగా తోచుచున్నది. ‘ఒక మంచి తండ్రి మరణశాసనము’ అని దాని పేరునకు అర్థము.

అందులో వేదాంతచర్చ బహు స్వల్పము. అప్పుల పాలు కావద్దు, వ్యాజ్యములకు పోవద్దు, కూలివాని కూలి నిలిపి ఉంచవద్దు, వాకిటికి వచ్చిన బిచ్చగానిని వట్టిచేతులతో పంపవద్దు, బిడ్డలను అతిగా దండింపవద్దు: ఇవీ అందలి మాటలు. ఆదివారపు ప్రసంగములో విన్న సువార్త సోమవారమునాడు కూలి లెక్క చూచునపుడు ఏమగునన్నదే ఆయన బెంగ. నెలకొకసారి, మొదటి శనివారమున, ఇంటిల్లిపాది కూర్చుండి ఈ లేఖ చదువుకొనవలెనని కోరినాడు.

తాను ‘ఆత్మానుతాపం’ వంటి కావ్యము వ్రాసిన కవియై యుండియు, వినోదగ్రంథములను ఇంట ఉంచవద్దని హెచ్చరించినాడు. ఈ ఒక్కమాట సాహిత్యప్రియులకు రుచింపదు, నాకును రుచింపలేదు.

1864లో ప్రతి చర్చి ప్రక్కను ఒక బడి ఉండవలెనని ఆదేశము వెలువడినది. కాని ఆకలిగొన్న పిల్లలు బడికెట్లు వత్తురు? అందులకే ‘పిడియరి’. వంటకు బియ్యము కొలుచునపుడు గృహిణి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఇంటింటి కుండలలోని ఆ బియ్యమే బీదపిల్లలకు మధ్యాహ్నపు అన్నమైనది.

రోమునగరము 2014లో ఆయనను పునీతునిగా ప్రకటించినది. కైనకరి ఇండ్లలో ఆ లేఖ అంతకు చాలకాలము ముందే చేరియున్నది.