మౌస్ లేని సేనాని: కన్సోల్‌పై తక్షణ వ్యూహక్రీడల చరిత్ర (1982–2023)

వ్యాససంగ్రహం:

రియల్‌టైమ్ స్ట్రాటజీ వీడియో క్రీడలు కంప్యూటర్‌కే చెందినవనీ, కన్సోల్ వాటికి తగిన యంత్రం కాదనీ ఒక అభిప్రాయం చాలాకాలంగా స్థిరపడి ఉంది. 1982 నుంచి 2023 వరకు వెలువడిన కొన్ని ముఖ్యమైన క్రీడల ఆధారంగా ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రక్రియ తొలి రూపాలలో ప్రధానమైనవి కొన్ని కన్సోల్‌పైనే పుట్టాయనీ, 1992 తర్వాత మౌస్ దాని నిర్వచనాన్ని మార్చిందనీ, మౌస్‌ను అనుకరించడం కంటే ఆజ్ఞ ఇచ్చే తీరును మార్చుకోవడమే కన్సోల్‌కు కలిసివచ్చిందనీ ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: వీడియో క్రీడల చరిత్ర, తక్షణ వ్యూహక్రీడ, కన్సోల్, కంట్రోలర్, మౌస్, ఆజ్ఞ.

1. ఉపోద్ఘాతం:

చదరంగంలోనూ పులిజూదంలోనూ ఒకరు ఎత్తు వేసేవరకు రెండవవారు వేచి ఉంటారు. ఆ నిరీక్షణలోనే ఆలోచనకు చోటు దొరుకుతుంది. రియల్‌టైమ్ స్ట్రాటజీ క్రీడ ఈ నిరీక్షణను తొలగించింది. ఆటగాడు ఆలోచిస్తున్న క్షణంలోనే ప్రత్యర్థి వనరులు కూడబెడుతుంటాడు, స్థావరాలు కట్టిస్తుంటాడు, సేనను నడిపిస్తుంటాడు. వంతుల కోసం ఆగని ఈ లక్షణాన్ని బట్టి ఈ వ్యాసంలో దీనిని ‘తక్షణ వ్యూహక్రీడ’ అని వ్యవహరిస్తున్నాను.

కాలం ఆగనప్పుడు ఆలోచన ఎంత గొప్పదైనా అది చేతి ద్వారా తెరమీదికి చేరాలి. కాబట్టి చేతిలో ఉన్న సాధనం ఏమిటన్నది ఈ ప్రక్రియలో చిన్న విషయం కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్నవారి చేతిలో మౌస్, కీబోర్డ్ ఉంటాయి. టెలివిజన్‌కు తగిలించే కన్సోల్ ముందు కూర్చున్నవారి చేతిలో కొన్ని మీటలున్న కంట్రోలర్ మాత్రమే ఉంటుంది. ఈ భేదాన్ని లోపంగా మాత్రమే చూస్తే చరిత్రలో సగం కనిపించకుండా పోతుంది.

2. పరిశీలన పద్ధతి:

తక్షణ వ్యూహక్రీడలో ప్రతి ఆజ్ఞకూ మూడు అంగాలు ఉంటాయి: ఎవరు, ఏమి, ఎక్కడ. ఏ దళం కదలాలి? అది చేయవలసిన పని ఏమిటి? ఆ పని జరగవలసిన చోటు ఏది? వాక్యానికి కర్త, కర్మ, క్రియల వలె ఆజ్ఞకు ఈ మూడూ అవసరం. ఒక్కొక్క యంత్రం ఈ మూడింటినీ ఆటగాడి చేత ఎలా చెప్పించిందో పోల్చి చూడడమే ఈ వ్యాసం అనుసరించిన పద్ధతి.

3. మౌస్‌కు ముందు:

మాటెల్ సంస్థ కన్సోల్ ఇంటెలివిజన్ కోసం డాన్ డాగ్లో రూపొందించిన ‘యుటోపియా’ 1982లో వెలువడింది. ఇద్దరు ఆటగాళ్లు చెరొక ద్వీపాన్ని పాలిస్తారు. పంటలు వేయించడం, పాఠశాలలు, కర్మాగారాలు, కోటలు కట్టించడం వారి పని. వంతులకు కాలపరిమితి ఉన్నా, ఆ వ్యవధిలో ఇద్దరూ ఒకేసారి ఆడతారు. మేఘాలు, తుపానులు, సముద్రపు దొంగలు ఎవరికోసమూ ఆగరు. ఆ యంత్రపు కంట్రోలర్‌పై 12 మీటల అంకెల పలక ఉండేది. ఏ నిర్మాణం కావాలో ఆ పలకపై నొక్కి చెప్పేవారు. కంప్యూటర్ రంగంలోనూ 1984లో ‘ది ఏన్షెంట్ ఆర్ట్ ఆఫ్ వార్’ వంటి ప్రయత్నాలు జరిగాయి. అంటే తొలి దశలో ఈ ప్రక్రియకు ఒక సొంత యంత్రమంటూ లేదు.

జపాన్‌కు చెందిన టెక్నోసాఫ్ట్ సంస్థ 1989లో సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌పై విడుదల చేసిన ‘హెర్జోగ్ జ్వై’ మరింత ముఖ్యమైనది. ఇందులో ఆటగాడు ఆకాశం నుంచి చూసే అదృశ్య సేనాని కాడు. విమానంగానూ మరమనిషిగానూ మారగల ఒకే ఒక యుద్ధయంత్రాన్ని అతడు నడుపుతాడు. ధనం వెచ్చించి దళాలను కొంటాడు. స్థావరాన్ని కాపాడమనో, శత్రు స్థావరంపై దాడి చేయమనో ప్రతి దళానికీ ఒక ఆజ్ఞ కూడా కొంటాడు. ఆపై ఆ దళాన్ని తానే మోసుకుపోయి యుద్ధభూమిలో దించుతాడు. ఇక్కడ ‘ఎవరు’, ‘ఎక్కడ’ అనే రెండు ప్రశ్నలకూ సేనాని దేహమే సమాధానం. తెరపై చూపుడు గుర్తు అవసరమే రాలేదు. వనరుల సేకరణ, సైన్య నిర్మాణం, ఆగని కాలం అనే మూడు ప్రధాన లక్షణాలూ ఇందులో ఉన్నాయి.

4. మౌస్ స్థిరపరచిన నిర్వచనం:

వెస్ట్‌వుడ్ స్టూడియోస్ సంస్థ 1992లో కంప్యూటర్‌పై విడుదల చేసిన ‘డ్యూన్ 2’ను ఈ ప్రక్రియకు ఆదిరూపంగా చెప్పడం పరిపాటి. మౌస్‌తో దళాన్ని ఎంచి, ఆజ్ఞను ఎంచి, లక్ష్యాన్ని చూపే క్రమం ఇందులో స్పష్టపడింది. అయితే ఇందులో ఒక్కసారికి ఒకే దళాన్ని ఎంచగలం. బ్లిజార్డ్ సంస్థ 1994 నాటి ‘వార్‌క్రాఫ్ట్’లో నాలుగింటిని, 1995 నాటి ‘వార్‌క్రాఫ్ట్ 2’లో తొమ్మిదింటిని, 1998 నాటి ‘స్టార్‌క్రాఫ్ట్’లో 12 దళాలను ఒకేసారి ఎంచే వీలు కల్పించింది. మౌస్‌తో ఒక చతురస్రం గీసి అందులోని దళాలన్నింటినీ పట్టుకోవడం ఈ ప్రక్రియకు గుర్తుగా మారింది.

దీని పర్యవసానం పెద్దది. దక్షిణ కొరియాలో ‘స్టార్‌క్రాఫ్ట్’ వృత్తిక్రీడగా ఎదిగినప్పుడు నిమిషానికి 300కు పైగా ఆజ్ఞలివ్వడం అగ్రశ్రేణి ఆటగాళ్ల లక్షణమైంది. చేతివేగం వ్యూహంలో విడదీయరాని భాగమైంది. సాధనం అనుమతించినదే ప్రక్రియ స్వభావంగా చెలామణి అయింది.

5. అనువాద దశ:

ఈ నిర్వచనం స్థిరపడిన తర్వాత కన్సోల్ పని అనువాదంగా మారింది. ‘డ్యూన్ 2’ మెగా డ్రైవ్‌కు వచ్చినప్పుడు పక్కపట్టీలోని ఆజ్ఞలను తగ్గించి, ఎదుట ఉన్న లక్ష్యాన్ని బట్టి పని నిర్ణయమయ్యే పద్ధతిని అవలంబించారు. ఆ తర్వాత వచ్చిన అనేక రూపాంతరాలు అంత స్వతంత్రించలేదు. ‘కమాండ్ అండ్ కాంకర్’, ‘వార్‌క్రాఫ్ట్ 2’ క్రీడలు ప్లేస్టేషన్, సాటర్న్ యంత్రాలకు చేరాయి. వాటిలో ఆటగాడు మీటలతో చూపుడు గుర్తును తెరపై జరుపుకోవలసి వచ్చింది. మౌస్‌తో ఒక్క విసురులో చేరే దూరం ఇక్కడ ఒక ప్రయాణమైంది.

ఇబ్బంది చేతికే పరిమితం కాలేదు. 2000లో నింటెండో 64కు వచ్చిన ‘స్టార్‌క్రాఫ్ట్ 64’లో ఇద్దరు ఆడాలంటే ఒకే టెలివిజన్ తెరను రెండుగా చీల్చేవారు. శత్రువు ఏం చేస్తున్నాడో తెలియకపోవడమే ప్రాణమైన ఆటలో ప్రత్యర్థి శిబిరం పక్కనే కనిపిస్తూ ఉండేది. ప్లేస్టేషన్‌పై 1997లో వచ్చిన ‘రెడ్ అలర్ట్’ దీనికి వేరే దారి చూపింది. రెండు కన్సోల్‌లను తీగతో కలిపి, రెండు టెలివిజన్‌లపై ఆడవచ్చు. ఆ కన్సోల్ మౌస్‌ను కూడా వాడుకోవచ్చు. కానీ రెండు యంత్రాలు, రెండు టెలివిజన్‌లు, మౌస్ సమకూర్చుకోవడమంటే కన్సోల్‌ను మళ్లీ కంప్యూటర్‌గా మార్చుకోవడమే. సమస్య పరిష్కారమైంది గానీ, కన్సోల్‌కున్న సౌలభ్యం పోయింది.

6. సేనాని తిరిగి దేహం ధరించడం:

2001లో నింటెండో గేమ్‌క్యూబ్‌పై విడుదల చేసిన ‘పిక్మిన్’ ఈ చిక్కును మరోవైపు నుంచి విప్పింది. షిగెరు మియమోటో ఆలోచన నుంచి పుట్టిన ఈ క్రీడలో ఒలిమార్ అనే వ్యోమగామి ఓడ చెడి అపరిచిత గ్రహంపై చిక్కుకుంటాడు. 30 దినాలలో ఓడ భాగాలు వెతికి తెచ్చుకోవాలి. మొక్కల వంటి చిన్న ప్రాణులు అతడి సేన. ఒక వేళకు 100 ప్రాణులకు మించి వెంట ఉండవు. ఈల ఊది పిలుస్తాడు, చేత్తో విసురుతాడు. విసిరిన చోటే లక్ష్యం, అక్కడ ఉన్న వస్తువే పనిని నిర్ణయిస్తుంది. ‘హెర్జోగ్ జ్వై’ వలె ఇక్కడా సేనాని యుద్ధభూమిలోనే నిలబడ్డాడు. 2009లో ‘బ్రూటల్ లెజెండ్’ యుద్ధఘట్టాలూ ఇదే మార్గాన్ని ఆశ్రయించాయి.

మౌస్ ప్రమాణంగా కొలిస్తే ఇవి వ్యూహక్రీడలు అవునా అన్న సందేహం కలుగుతుంది. ఆ సందేహమే ఈ వ్యాసానికి కీలకం. వనరులు, కాలం, సేన మూడూ ఉన్నప్పటికీ చతురస్రం గీసే అవకాశం లేదన్న కారణంతో ఒక కృతిని ప్రక్రియ వెలుపల నిలబెట్టడం సమంజసం కాదు.

7. ఆజ్ఞ పునర్నిర్మాణం:

2008, 2009 సంవత్సరాలలో మరో రెండు ప్రయత్నాలు జరిగాయి. యూబిసాఫ్ట్ విడుదల చేసిన ‘ఎండ్‌వార్’లో ఆటగాడు మైకులో మాట్లాడి సేనను నడపవచ్చు. ఎవరు, ఏమి, ఎక్కడ అనే క్రమంలో నోటితో చెప్పిన వాక్యమే ఆజ్ఞ. ఈ వ్యాసం ఆరంభంలో పేర్కొన్న మూడు అంగాలు ఇక్కడ అక్షరాలా వాక్యరూపం ధరించాయి.

రెండవది ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ సృష్టికర్తలైన ఎన్సెంబుల్ స్టూడియోస్ ఎక్స్‌బాక్స్ 360 కోసం రూపొందించిన ‘హాలో వార్స్’. కంప్యూటర్‌పై ఈ ప్రక్రియలో ఆరితేరినవారే కంట్రోలర్‌ను దృష్టిలో పెట్టుకొని మొదటినుంచీ ఆలోచించడం ఇందులోని విశేషం. ఒక మీట నొక్కితే సేన మొత్తం, మరొక మీట నొక్కితే తెరపై కనిపించే దళాలు ఎంపికవుతాయి. స్థావరంలో కట్టడాలకు ముందే నిర్ణయించిన స్థలాలు ఉంటాయి. ఆజ్ఞల సంఖ్య తగ్గింది. ఏ దళాన్ని ఎప్పుడు పంపాలన్న నిర్ణయం మాత్రం ఆటగాడిదే. అయితే మాతృసంస్థ మైక్రోసాఫ్ట్ 2008లోనే ఎన్సెంబుల్ మూసివేతను ప్రకటించింది. 2009లో క్రీడ విపణికి చేరేనాటికి దానిని నిర్మించిన సంస్థ లేదు. ఎంతో శ్రమించి సాధించిన నైపుణ్యాన్ని అదే బృందం కొనసాగించే అవకాశం లేకపోయింది. 2017లో ‘హాలో వార్స్ 2’ను క్రియేటివ్ అసెంబ్లీ అనే వేరొక సంస్థ రూపొందించింది.

2023 జనవరిలో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’, ఆగస్టులో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4’ ఎక్స్‌బాక్స్ కన్సోల్‌లకు వచ్చాయి. వీటిలో ఆహారం, కలప, బంగారం వంటి వాటిలో దేనికి ప్రాధాన్యమో ఆటగాడు చెబితే, గ్రామస్థులను ఆయా పనులకు యంత్రమే పంచగలదు. మౌస్, కీబోర్డ్ తగిలించుకొనే వీలూ ఉంది. ఇంతకాలం వేరుగా సాగిన రెండు సంప్రదాయాలు ఇక్కడ ఒకే కృతిలో కలిశాయి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి:

1. తక్షణ వ్యూహక్రీడ కన్సోల్‌కు ఆలస్యంగా వచ్చిన అతిథి కాదు. ‘యుటోపియా’, ‘హెర్జోగ్ జ్వై’ రెండూ ‘డ్యూన్ 2’ కంటే ముందువి.

2. మౌస్ ఈ ప్రక్రియను సంపన్నం చేసింది. అదే సమయంలో వేగంగా ఎంచి చూపడాన్ని దాని స్వభావంగా స్థిరపరచింది.

3. చూపుడు గుర్తును అనుకరించిన కన్సోల్ రూపాలు సాధనపు పరిమితిని బయటపెట్టాయి. సేనానికి దేహమిచ్చినవి, ఆజ్ఞలను కుదించినవి, చిన్న పనులను యంత్రానికి అప్పగించినవి సాధనానికి తగిన వ్యూహాన్ని నిర్మించాయి.

4. ఇందులో లాభంతో పాటు నష్టమూ ఉంది. గ్రామస్థులను యంత్రమే పంచుతున్నప్పుడు ఒకనాడు నైపుణ్యంగా మన్నన పొందిన పని ఆటగాడి చేతినుంచి జారిపోతుంది. అది భారమా, కళా అన్నది ఆడేవారిని బట్టి ఉంటుంది.

తీగతో కలిపిన రెండు ప్లేస్టేషన్‌లపై జరిగిన పోరు ఎలా ఉండేదో, చీల్చిన తెరపై రహస్యం ఎలా పోయేదో క్రీడ ప్రతి ఒక్కటే భద్రపరిస్తే తెలియదు. ఆ తీగ, ఆ మౌస్, ఆ కంట్రోలర్ కూడా చరిత్రకు ఆధారాలే. తెరమీద జరిగిన యుద్ధాన్ని అర్థం చేసుకోవాలంటే దానిని నడిపిన చేతిలో ఏముందో కూడా చూడాలి.