తెర కట్టే వేళ

గరివిడి అనగానే మాంగనీసు గనులు, 1950ల చివర వెలసిన ఫేకర్ కర్మాగారం గుర్తుకొస్తాయి. కొలిమి ఆరదు గనుక నిద్ర, తిండి షిఫ్టుల లెక్కనే సాగేవి. మన తరంలో తెరకూ ఒక వేళ ఉండేది. తోలుబొమ్మలాట తెల్లవారితే మూట కట్టవలసిందే. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనా, మన వైపు బొమ్మ రావడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 1987 జనవరి 25న రామాయణం ధారావాహిక మొదలయ్యాక, ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇంట వీధి వీధంతా చాపల మీద చేరేది. హిందీ సగమే అర్థమైనా కథ మనదే గదా! అవగానే ఎవరిళ్ళకు వారు. ఇదంతా మన నిగ్రహమని మనుమలకు చెప్పుకుంటాం గాని, అర్ధరాత్రికి ప్రసారం ఆపేసింది దూరదర్శనే సుమండీ!

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక ఆ వేళ కాస్తా పోయింది. అలాగని ఫోనును తిట్టలేము. 2021 నవంబరు నుంచి ముఖం చూపితే జీవన ప్రమాణ పత్రం ఫోనులోనే అయిపోతోంది. మెట్లెక్కలేని పెన్షనరుకు అదెంత మేలో మిత్రులకు వేరే చెప్పాలా?

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడగావ్ గ్రామస్థులు 2022 ఆగస్టు 15 నుంచి ఒక ఏర్పాటు చేసుకున్నారు. రాత్రి 7 గంటలకు గుడి మీద సైరను మోగితే టీవీలు, ఫోన్లు కట్టేయాలి. 8.30కి మళ్ళీ మోగుతుంది. పిల్లలతో పాటు పెద్దలకూ అదే నియమం. షిఫ్టుల మీద బ్రతికిన మనకిది కష్టం కాదని ఇంట్లో ప్రతిపాదించాను. ముందు తాతగారి వార్తల చర్చ కట్టాలన్నది మనుమరాలి షరతు. బేరం ఇంకా తెగలేదు.