పియానో నేర్పే వెలుగు పట్టీలు: ఆధారాలు ఎంతవరకు?

పియానో మొదలుపెట్టినవారికి తొలి అడ్డంకి స్వరలిపి. కాగితం మీది గుర్తు ఏ కీదో పోల్చుకునేలోపే లయ తప్పుతుంది. ఎదుటి వస్తువు మీదే బొమ్మలు చూపే ఆగ్మెంటెడ్ రియాలిటీ అక్కరకొస్తున్నది ఇక్కడే.

జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 'పియానో' పేరుతోనే ఒక వ్యవస్థను వివరించారు. అందులో ప్రొజెక్టరు వేసే వెలుగు పట్టీలు వాద్యం మీదికే జారుతూ వస్తాయి. పట్టీ కీని తాకగానే నొక్కాలి. అది సాగినంతసేపూ వేలు తీయకూడదు. స్వరలిపితోనూ, విడి తెర మీది పట్టీలతోనూ పోల్చినప్పుడు ఈ పద్ధతిలో త్వరగా నేర్చుకున్నారని, బుర్రకు శ్రమ తగ్గిందని వారి రెండు అధ్యయనాలు తేల్చాయి.

ఇది ఉత్సాహమిచ్చే ఫలితమే. అయితే త్వరగా వాయించడం వేరు, వచ్చినది నిలవడం వేరు. శరీర నైపుణ్యాలు ఎలా అబ్బుతాయో 1984లో సమీక్షించిన సాల్మోనీ, ష్మిట్, వాల్టర్‌లు ఈ తేడానే పట్టుకున్నారు. ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెబుతూ పోతే సాధన వేళ తప్పులు తగ్గుతాయి, కానీ అభ్యాసకుడు ఆ ఊతకు అలవాటు పడతాడన్నది వారి వాదన. వారు మాట్లాడింది వాయించాక చెప్పే ఫలితం గురించి. ముందే దారి చూపే వెలుగుకూ అది వర్తిస్తుందని నేరుగా అనలేం. వర్తించే అవకాశం ఎక్కువని మాత్రం నా అంచనా.

ప్రొజెక్టరుకు బదులు కళ్లద్దాల్లో బొమ్మ చూపే పరికరాల హద్దులు కూడా చిన్నవి కావు. 2016 నాటి హోలోలెన్స్ కళ్లద్దాలు అడ్డంగా సుమారు 30 డిగ్రీల మేరే బొమ్మ చూపేవి. కీలు కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, అందులో పట్టేది 32 సెంటీమీటర్లు. 88 కీల వరుస పొడవు 122 సెంటీమీటర్ల పైనే. చేతులు చెరో వైపుకు జరిగితే ఒకదానికి దారి కనబడదు.

మన వీణ దగ్గరికొస్తే చిక్కు ఇంకా లోతు. 24 మెట్లలో ఏది పట్టాలో వెలుగు చూపగలదు. కానీ ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలు పలికిస్తాం. గమకం ప్రాణం ఆ లాగుడులోనే ఉంది. ఎంత లాగాలో, ఎంత నిదానంగా వదలాలో చెప్పేది చెవి. పియానో ఫలితాలను వీణకు అంటగట్టడం తొందరపాటు.

కాబట్టి ఇలాంటి పరికరాలను పరీక్షించేవారు వారం తర్వాత వెలుగు ఆపి అదే పాఠాన్ని, దానితోపాటు ఒక కొత్త పాఠాన్ని వాయించమని అడగాలి. వాటితో నేర్చుకుంటున్నవారు ప్రతి పాఠాన్నీ మధ్యమధ్య పట్టీలు లేకుండా వాయించి చూసుకోవాలి.